బీరువాలో రివాల్వర్, కొంగున తాళంచెవి

పెద్దవాళ్లు పోయాక ఇంట్లో ఏమేం పంచుకుంటారో మనందరికీ తెలుసు. పొలం, ఇల్లు, బంగారం, ఇత్తడి బిందెలు, ఆఖరికి రోలు, రోకలి కూడా. కొన్ని ఇళ్లలో బీరువా లోపల, పట్టుచీరల అడుగున, పైకి ఎవరూ చెప్పుకోని వస్తువు ఇంకొకటి ఉంటుంది. పాత రివాల్వర్. దాన్ని కొన్నది మగవాళ్లు. లైసెన్సు మగవాళ్ల పేరు మీద. ఆ బీరువా తాళంచెవి మాత్రం ఏళ్ల తరబడి ఆ ఇంటి ఇల్లాలి కొంగుకే ఉంటుంది.

ఆడవాళ్లు మాట్లాడుకునే చోట తుపాకి గోలేమిటి అనుకోకండి. పెళ్లిళ్ల గురించీ పంపకాల గురించీ మాట్లాడుకున్నట్టే దీని గురించీ మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆ లైసెన్సుదారుడు కన్నుమూసిన రోజు నుంచి ఆ వస్తువు బరువు మోయాల్సింది చాలాసార్లు భార్యే. అప్పటిదాకా దాని గురించి ఒక్క ముక్క కూడా ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. మా గూడూరులో మా పెద్దమ్మ ఇంట్లో అలాంటి రివాల్వర్ నలభై ఏళ్లకు పైగా ఉండింది. దాని కథ చెప్పాలంటే ముందు ఆ వస్తువు ఎక్కడ పుట్టింది, మన ఇళ్లలోకి ఎలా వచ్చింది అన్నది కొంచెం తెలియాలి.

ఒక్క లాగుడులో మూడు పనులు

రివాల్వర్ అంటే తిరిగేది అని అర్థం. మధ్యలో ఒక గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. దాన్ని సిలిండర్ అంటారు. అందులో సాధారణంగా ఆరు గదులు, గదికొక తూటా. తొలి రోజుల రివాల్వర్లలో పేల్చే ప్రతిసారీ వెనకున్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కాలి. అమెరికాలో సామ్యూల్ కోల్ట్ అలాంటి వాటితోనే పేరు తెచ్చుకున్నాడు.

1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. ప్రపంచంలోని యంత్రాలన్నీ ఒకచోట పెట్టిన ప్రదర్శన అది. అక్కడ కోల్ట్ తన రివాల్వర్లు పెట్టాడు. రాబర్ట్ ఆడమ్స్ అనే ఇంగ్లీషు తయారీదారు కూడా తనవి పెట్టాడు. ఆడమ్స్ దాంట్లో సుత్తిని చేత్తో లాగే పని లేదు. ట్రిగ్గర్ నొక్కుతుంటే డ్రమ్ము తిరుగుతుంది, సుత్తి వెనక్కి వెళుతుంది, వెళ్లి మళ్లీ ముందుకు పడుతుంది. ఒక్క లాగుడులో మూడు పనులు. కాకపోతే ట్రిగ్గర్ బరువుగా ఉండేది, గురి కుదిరేది కాదు. 1856లో ఫ్రెడరిక్ బోమాంట్ అనే ఇంజనీర్ల దళం అధికారి దీనికి మెరుగు దిద్దాడు. కావాలంటే చేత్తో సుత్తి లాగి తేలిగ్గా పేల్చవచ్చు, తొందరలో ఉంటే ట్రిగ్గర్ ఒక్కటీ లాగి పేల్చవచ్చు. రెండు రకాలుగానూ పనిచేస్తుంది కాబట్టి దీన్ని డబుల్ యాక్షన్ అన్నారు. మరుసటి ఏడాదే, 1857 తిరుగుబాటులో, ఇలాంటి రివాల్వర్లు ఇంగ్లీషు అధికారుల చేతుల్లో మన దేశంలో పేలాయి. అంటే ఈ వస్తువు మనకు కొత్తగా పరిచయమైనప్పుడే మన మీద గురిపెట్టి వచ్చింది.

ఆ తర్వాత బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ వచ్చింది. 1887లో వెబ్లీ రివాల్వర్‌ను బ్రిటిష్ సైన్యం తన అధికారిక ఆయుధంగా తీసుకుంది. పైన ఉన్న గొళ్లెం తీస్తే గొట్టం ముందుకు వంగి, మడత కత్తిపీటలా రెండుగా తెరుచుకుంటుంది. తెరవగానే కాల్చిన తూటాల ఖాళీ గుండ్లన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, పాత పెద్ద తూటా దెబ్బను కొత్తగా చేరిన సైనికులు తట్టుకోలేకపోతున్నారని చిన్న సైజుకు మారారు. ఆ చిన్న వెబ్లీలు మన దేశంలోనూ తిరిగాయి. మనం ఇప్పటికీ పాత సినిమాల్లో జమీందారు చేతిలో చూసే రివాల్వర్ ఆకారం చాలావరకు ఈ వెబ్లీదే.

లైసెన్సు అనే మాట ఎలా వచ్చింది

1878లో వైస్రాయి లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం కూడా అదే ఏడాది, అదే వైస్రాయి తెచ్చాడు. మాట, ఆయుధం రెండూ ఒకేసారి ప్రభుత్వం చేతికి వెళ్లాయన్నమాట. ఆయుధాల చట్టం కింద భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. తెల్లవాళ్లకు అక్కర్లేదు. మనవాళ్లలోనూ కొందరు రాజాలకు, బిరుదులున్న పెద్దలకు మినహాయింపులు ఉండేవి. దాంతో తుపాకి ఉండడం అంటే రక్షణ కన్నా ముందు హోదా అయింది. ప్రభుత్వం ఈయన్ని నమ్మింది అని ఊరికి చెప్పే గుర్తు అది. పాత తరం మగవాళ్లు ఫొటో దిగేటప్పుడు కుర్చీ పక్కన తుపాకి ఎందుకు పెట్టుకునేవాళ్లో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

గూడూరు అప్పట్లో మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లాలో ఉండేది. రైల్లో మద్రాసుకు సుమారు 140 కిలోమీటర్లు. మనవాళ్లకు పెళ్లి పట్టుచీరలైనా, కళ్లజోడైనా, వైద్యమైనా మద్రాసే. తుపాకి కూడా అంతే. మౌంట్ రోడ్డులో గడియారాలకు పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ వాళ్లు ఒకప్పుడు తుపాకులు కూడా అమ్మారు. చేతి గడియారం, రివాల్వర్ ఒకే రకం కొట్లో దొరికేవంటే ఆ రోజుల్లో అవి రెండూ ఎవరి కోసమో తెలుస్తుంది.

తుపాకి ఒక పక్క, దాని కాగితం ఒక పక్క. ఈ రెండూ మన తెలుగు నేల మీద ఎంత విడదీయరానివో చెప్పడానికి అల్లూరి సీతారామరాజు కథ ఒక్కటి చాలు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి ఆయన తుపాకులు తీసుకెళ్లాడు. వెళుతూ వెళుతూ ఏమేం తీసుకున్నదీ రాసిపెట్టి వెళ్లాడు. రాజ్యం మీద యుద్ధం ప్రకటించినవాడు కూడా తుపాకికి లెక్క రాశాడు.

స్వాతంత్ర్య పోరాట కాలంలో ఆయుధం పట్టుకునే హక్కు అన్నది పెద్ద విషయంగానే ఉండేది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో అది పౌరుల హక్కుల జాబితాలో కూడా చేరింది. కానీ రాజ్యాంగం రాసేటప్పుడు, 1948 డిసెంబరులో, హెచ్.వి. కామత్ ఆ హక్కును చేర్చాలని సవరణ తెస్తే సభ ఒప్పుకోలేదు. దేశ విభజన రక్తపాతం చూసి రెండేళ్లు కూడా కాలేదు మరి. అలా మన దేశంలో తుపాకి హక్కు కాలేదు, అనుమతిగానే మిగిలింది. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చి 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. ఇవాళ్టికీ సవరణలతో నడుస్తున్నది అదే.

పాతది ఎందుకు పారేయరు

మా పెదనాన్న ఆ రివాల్వర్‌ని 1970లలో మద్రాసులోని ఒక డీలరు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇంగ్లండ్‌లో చేసిన వెబ్లీ, పాయింట్ 32 సైజు. అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో మూడో వంతు కంటే కాస్త తక్కువ. సైన్యం, పోలీసులు వాడే కొన్ని సైజులు మామూలు పౌరులకు ఇవ్వరు, వాటికి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించాలి. అందుకే మన ఇళ్లలో కనిపించే రివాల్వర్లలో ఎక్కువ భాగం ఈ పాయింట్ 32లే. నిమ్మకాయల వ్యాపారం, చేతిలో రొక్కం, రాత్రిళ్లు లారీల వెంట ప్రయాణాలు. కొనడానికి ఆయన చెప్పిన కారణం ఇది. ఆయన చెప్పని కారణం హోదా. పెద్దమ్మ నవ్వుతూ రెండోదే నిజం అనేది.

1980ల నడిమి నుంచి ప్రభుత్వం సామాన్యుల కోసం తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆపేసింది. అప్పటికే దేశంలో ఉన్న విదేశీ తుపాకుల ధరలు ఎక్కడికో వెళ్లిపోయాయి. అప్పట్లో కొత్తది కావాలంటే ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో చేసిందే దిక్కయింది. కాన్పూరులో తయారయ్యే పాయింట్ 32 రివాల్వర్ కూడా వెబ్లీ నమూనా మీద చేసిందే. చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. అయినా ఇంగ్లండ్‌ది అంటే మోజు. దాంతో ఒకప్పుడు అవసరానికి కొన్న వస్తువు ఇంట్లో ఆస్తి అయి కూర్చుంది. మన పాత కంచిపట్టు చీరలాగా, కట్టం, అమ్మం.

కుట్టుమిషన్ నూనె, పసుపు కుంకుమ

పాత ఇనుముకు మన ఊరి గాలి పడదు. గూడూరు సముద్రానికి ఎంతో దూరం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. పప్పులకు పురుగు పట్టే రోజులు, చెక్క తలుపులు ఉబ్బి మూసుకోని రోజులు. ఆ రోజుల్లోనే రివాల్వర్‌కు తుప్పు మొదలవుతుంది. పైన నల్లగా నీలంగా మెరిసే పూత అసలు తుప్పు పట్టకుండా వేసిందే, కానీ ఏళ్లు గడిచేకొద్దీ చేతి చెమటకు, రాపిడికి అది పలచబడిపోతుంది.

పెదనాన్న నెలకొకసారి దాన్ని తీసేవాడు. తీసిన వెంటనే చేసే మొదటి పని తూటాలన్నీ బయటికి తీసి ఒక తెల్లగుడ్డ మీద పరచడం. రెండో పని పెద్దమ్మను పిలిచి లెక్కపెట్టించడం. ఆయన లెక్క ఒకటి, ఆవిడ లెక్క ఒకటి, రెండూ సరిపోవాలి. ఆ తర్వాత డ్రమ్ములోని ఆరు గదులూ ఖాళీయేనని వెలుతురుకు ఎత్తి ఇద్దరూ చూసేవాళ్లు. ఇంట్లో తుపాకి ఉన్నవాళ్లు ఇంకేం నేర్చుకోకపోయినా ఇదొక్కటి నేర్చుకోవాలి. ఖాళీగానే ఉందిలే అన్న మాట మీద ఎప్పుడూ నమ్మకం పెట్టుకోకూడదు. కళ్లతో చూడాలి.

నూనె విషయానికొస్తే పెద్దమ్మ కుట్టుమిషన్ నూనె డబ్బా, పెదనాన్న రివాల్వర్ నూనె డబ్బా ఒకటే. అది పలచటి ఖనిజ నూనె, జిడ్డు కట్టదు. కొబ్బరినూనె రాస్తే మాత్రం పనికిరాదు. చలికి పేరుకుంటుంది, కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టుకుంటుంది. పూరీలు వేయించిన మూకుడు తోమకుండా వదిలేస్తే అంచున ఎలా బంక కడుతుందో అలాగ. పలచటి నూనె కూడా గుడ్డకు అద్ది తుడవాలి తప్ప పోయకూడదు. ఎక్కువైతే అది తూటా వెనక భాగంలోకి దిగి తూటాను పాడు చేస్తుంది. పాడైన తూటా పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు. రెండూ ప్రమాదమే.

తోలు ఒర ఇంకో శత్రువు. బయటికి వెళ్లినప్పుడు ఒర బాగుంటుంది. కానీ అందులోనే పెట్టి బీరువాలో ఉంచితే తోలు తేమను పీల్చి ఇనుముకు అంటిస్తుంది. మెత్తటి పొడిగుడ్డలో చుట్టి పెట్టడమే మేలు. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద.

దసరాకు ఆయుధపూజ మనకు తెలుసు కదా. కత్తిపీట, కుట్టుమిషన్, స్కూటర్, అన్నింటికీ బొట్లు. మా పెద్దమ్మ ఇంట్లో ఆ వరసలో రివాల్వర్ కూడా. గంధం, పసుపు, కుంకుమ తడితో కలిపి పెడతాం. పూజ చూడ్డానికి నిండుగా ఉంటుంది. మరుసటి రోజు దాకా అలాగే ఉంచితే బొట్టు పెట్టిన చోటే గుండ్రటి తుప్పు మచ్చ. అందుకే పెద్దమ్మ హారతి అయిన గంటలోపు తుడవమని పెదనాన్న వెంట పడేది. ఆ రివాల్వర్ పిడి పైన ఒక చిన్న గుండ్రటి మచ్చ ఉండేది. అది పెద్దమ్మ పుట్టింటికి వెళ్లిన ఏడాది దసరాది.

తుడవడం, నూనె రాయడం దాకా ఇంట్లో పని. లోపలి సంగతి అది కాదు. డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ లాగినప్పుడు లోపల ఒక చిన్న కొక్కెం డ్రమ్మును ఒక గది మేర తిప్పుతుంది. ఇంకొక చిన్న గొళ్లెం సరిగ్గా గొట్టం ఎదురుగా గది ఆగేలా పట్టి ఉంచుతుంది. ఏళ్లు గడిస్తే ఈ రెండూ అరుగుతాయి. అప్పుడు గది, గొట్టం ఒక వరసలోకి రావు. పేలిస్తే తూటా అంచుకు తగిలి ముక్కలు పక్కలకు ఎగురుతాయి. డ్రమ్ము ముందుకూ వెనక్కూ కదులుతున్నా, చేత్తో పట్టుకుంటే వదులుగా ఊగుతున్నా అది లైసెన్సున్న రిపేరువాళ్ల దగ్గరికి వెళ్లాల్సిన రోజు వచ్చిందని అర్థం. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు.

ఇంకొక నమ్మకం గురించి కూడా చెప్పాలి. డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ బరువు కాబట్టి పిల్లలు లాగలేరు, భయం లేదు అంటారు కొందరు మగవాళ్లు. సుత్తి వెనక్కి లాగి ఉంటే అదే ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతుంది. కొన్ని పాత నమూనాల్లో తూటా ఉన్న రివాల్వర్ కిందపడి సుత్తికి దెబ్బ తగిలినా పేలవచ్చు. పిల్లలున్న ఇంట్లో యంత్రం బరువును నమ్ముకోవడం కాదు, తాళాన్ని నమ్ముకోవాలి.

తుప్పు కంటే ముందు పట్టేది గడువు

నూనె రాయకపోతే రివాల్వర్ పాడవడానికి ఏళ్లు పడుతుంది. కాగితం పట్టించుకోకపోతే ఒక్క రోజులో అది నేరమవుతుంది. గడువు దాటిన లైసెన్సు అంటే లైసెన్సు లేనట్టే. ఒకప్పుడు మూడేళ్లకు ఒకసారి రెన్యువల్. 2019 డిసెంబరులో చేసిన సవరణతో ఐదేళ్లయింది. అదే సవరణలో ఒక మనిషి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. మొదట ఒకటికే పరిమితం చేద్దామనుకున్నారు. తాతల నాటి తుపాకుల సంగతేమిటని అభ్యంతరాలు రావడంతో రెండు దగ్గర ఆగారు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు గాల్లోకి పేల్చినా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడేలా చేసింది కూడా ఈ సవరణే. పెళ్లిపందిట్లో ఎవరైనా బావగారు వీరత్వం చూపించబోతే ఈ మాట చెవిన వేయండి.

ఇప్పుడు ప్రతి లైసెన్సుకూ దేశం మొత్తానికీ ఒకటే జాబితాలో యూఐఎన్ అనే ప్రత్యేక సంఖ్య ఉండాలి. పాత పుస్తకం ఎంత పాతదైనా ఆ సంఖ్య లేకపోతే చెల్లదు.

ఎన్నికలొస్తే తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. లెక్కింపు అయ్యాక తిరిగిస్తారు. 2014 ఎన్నికలప్పుడు పెదనాన్నకు నడక కష్టమైంది, పెద్దమ్మ ఆయన వెంట వెళ్లింది. రసీదులో తుపాకి నంబరు, తూటాల సంఖ్య లైసెన్సుతో పోల్చి చూసింది ఆవిడే. వెనక్కి తెచ్చిన రోజు ఒర విప్పి తుడిపించిందీ ఆవిడే.

లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి గూడూరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. పుస్తకం మీద నెల్లూరు ముద్ర, ఇంటి చిరునామా తిరుపతి జిల్లా. మన రేషన్ కార్డు, భూమి పాస్‌బుక్ గురించి అడిగి తెలుసుకున్నట్టే దీని గురించీ ఏ ఆఫీసులో ఏం నమోదు కావాలో అడిగి తెలుసుకోవాల్సిన కాలం అది. పెదనాన్న దాన్ని చూడలేదు. 2017లోనే పోయాడు.

ఆయన పోయాక

రివాల్వర్ ఆస్తే. దాని లైసెన్సు మాత్రం ఆస్తి కాదు. భర్త పేరు మీదున్న లైసెన్సు ఆయనతోనే ఆగిపోతుంది. ఆ క్షణం నుంచి ఇంట్లో ఉన్న తుపాకి లైసెన్సు లేని తుపాకి. 1959 చట్టంలోని 21వ సెక్షన్ ఏం చెబుతుందంటే, లైసెన్సుదారుడు చనిపోతే ఆయుధం ఎవరి దగ్గర ఉందో వాళ్లు అనవసరమైన ఆలస్యం లేకుండా పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. అప్పగిస్తే ప్రభుత్వం లాగేసుకున్నట్టు కాదు. రసీదు ఇస్తారు. వారసులు దాన్ని అమ్ముకోవచ్చు, లేదా తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 నిబంధనల్లో వారసులకు ప్రత్యేకంగా దారి ఉంది. అంతేకాదు, లైసెన్సుదారుడు బతికుండగానే, డెబ్బై ఏళ్లు నిండినా లేక ఆ తుపాకి ఆయన దగ్గర పాతికేళ్లు ఉన్నా, వారసుడి పేరు మీదకు మార్చే వీలుంది. పెదనాన్న రెండు షరతులూ దాటేసిన మనిషి. కాని బతికుండగా ఆ మాట ఎత్తితే శకునం బాగోదనుకున్నారు ఇంట్లో.

పదకొండో రోజు అయింది. పన్నెండో రోజు చుట్టాలంతా ఇంకా ఇంట్లో ఉండగానే పెద్దమ్మ పెద్దకొడుకును పిలిచి బీరువా తెరిపించింది. తూటాలు లెక్కపెట్టించింది, ఎప్పటిలాగే రెండుసార్లు. లైసెన్సు పుస్తకం, చావు ధ్రువపత్రం కోసం పెట్టిన దరఖాస్తు రసీదు పట్టుకుని స్టేషన్‌కు పంపి అప్పగించింది. ఇంత తొందరేమిటి పిన్నీ, నెల మాసికం కానీ అన్నవాళ్లున్నారు. ఆయన చేతి వస్తువు, అప్పుడే ఇల్లు దాటించావా అన్న ఆడబిడ్డ ఉంది. పెద్దమ్మ చట్టం అలా ఉందని చెప్పి ఊరుకుంది.

చట్టం నిజమే. కానీ అసలు కారణం ఇంకొకటి అని నాకు తర్వాత ఎప్పుడో చెప్పింది. చిన్నకొడుకు ఆ ఏడాది వ్యాపారంలో దెబ్బతిన్నాడు. అప్పులు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, తిండి మానేశాడు, తండ్రి పోయిన రోజు కూడా కంట నీరు రాలేదు. "నా కళ్ల ముందు బీరువా, వాడి కళ్ల ముందు బీరువా. నేను ఆ తాళంచెవి ఎన్ని రాత్రులు దిండు కింద పెట్టుకున్నానో తెలుసా అమ్మా" అంది. ఇంట్లో తుపాకి అందుబాటులో ఉంటే మనసు చెడిన క్షణం ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం పెరుగుతుందని పలు దేశాల పరిశోధకులు చెబుతున్నారు. పెద్దమ్మ అవేవీ చదవలేదు. మనసు చెడిన మనిషికీ ఆ వస్తువుకీ మధ్య దూరం పెంచాలని తల్లిగా ఆవిడకు తోచింది, చేసింది. దూరం పెంచి ఊరుకోలేదు. ఆ అబ్బాయిని నెల్లూరులో డాక్టరు దగ్గరికి కూడా తనే తీసుకెళ్లింది. ఇప్పుడు అతను బాగున్నాడు, పిల్లల స్కూలు ఫీజుల గురించి అందరిలాగే గొణుక్కుంటున్నాడు.

తర్వాత పిల్లలు ముగ్గురినీ కూర్చోబెట్టి అడిగింది. పెద్దవాడికి నాన్న జ్ఞాపకంగా ఉంచుకోవాలని ఉంది, కానీ బెంగుళూరు ఫ్లాట్‌లో ఇద్దరు చిన్నపిల్లలు. కూతురు వద్దనేసింది. చిన్నవాడు తల వంచుకున్నాడు. అందరూ అమ్మకానికి ఒప్పుకుంటూ సంతకాలు పెట్టారు. కలెక్టరాఫీసు అనుమతితో డీలరు ద్వారా లైసెన్సున్న ఇంకొకరికి వెళ్లిపోయింది. పెద్దమ్మ ఇంట్లో మిగిలింది ఖాళీ తోలు ఒర. దాంట్లో ఇప్పుడు కుట్టు కత్తెర పెట్టుకుంటోంది.

మనకోసం చేసిన రివాల్వర్

2014లో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం కాన్పూరు నుంచి ఆడవాళ్ల కోసమని ఒక రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ ఘటనలో ప్రాణం పోగొట్టుకున్న అమ్మాయిని దేశం పిలుచుకున్న పేరును గుర్తుచేసేలా దానికి నిర్భీక్ అని పేరు పెట్టారు. అదే పాయింట్ 32 సైజు, టైటానియం మిశ్రమం, బరువు అర కిలో. ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేలకు పైన. చేతిసంచిలో పడుతుంది అన్నారు. బస్సులో వెళ్లే అమ్మాయికి లక్షా ఇరవై వేల వస్తువుతో రక్షణ ఏమిటని చాలామంది ఆడవాళ్లు అప్పుడే అడిగారు.

నాకైతే దాన్ని చూసినప్పుడు ఇంకొక సంగతి తోచింది. తుపాకి ఆడవాళ్ల చేతికి ఇస్తున్నాం అని 2014లో పండగ చేశారు. తూటాలు లెక్కపెట్టిన చేయి, తుప్పు తుడిపించిన చేయి, తాళంచెవి దిండు కింద పెట్టుకున్న చేయి అంతకు ముందు నలభై ఏళ్లుగా మన ఇళ్లలోనే ఉంది. దాని పేరు ఏ లైసెన్సు పుస్తకంలోనూ లేదు, అంతే. ఆ పేరు లేకపోవడం చిన్న విషయం కాదు కూడా. లైసెన్సు ఒక మనిషికి ఇచ్చేది, ఇంటికి ఇచ్చేది కాదు. భర్త ఊళ్లో లేనప్పుడు దాన్ని పట్టుకుని బయటికి వెళ్లే హక్కు భార్యకు లేదు. జాగ్రత్త మనది, హక్కు వాళ్లది అన్న ఏర్పాటు మన ఇళ్లలో చాలా వస్తువులకు ఉంది. ప్రాణం తీసే వస్తువు దగ్గర మాత్రం కనీసం సమాచారమైనా ఇద్దరి దగ్గరా ఉండాలి.

మీ ఇంట్లోనో, పుట్టింట్లోనో ఇలాంటి వస్తువు ఉంటే ఇవి అడిగి తెలుసుకోండి. లైసెన్సు పుస్తకం ఎక్కడుంది, గడువు ఏ తేదీ, యూఐఎన్ ఉందా, తుపాకి మీది నంబరు పుస్తకంలో ఉన్నదీ ఒకటేనా, తూటాలు ఎన్ని. చివరిసారి రిపేరువాళ్లు చూసింది ఎప్పుడు. పెద్దాయనకు డెబ్బై దాటితే వారసుల్లో ఎవరికి కావాలి, ఎవరికి వద్దు. ఎవరికీ వద్దంటే బతికుండగానే అమ్మేయడం మేలు. ఆయన చేత్తో ఆయనే అమ్మితే ఎవరికీ అపరాధభావం ఉండదు. ఇంట్లో ఎవరిదైనా మనసు బాగోలేకపోతే శకునాలు, మాసికాలు చూడకుండా ఆ రోజే డీలరు దగ్గరో స్టేషన్లోనో పెట్టించి రసీదు తీసుకోండి. అప్పగించినా ఆస్తి ఎక్కడికీ పోదు. రసీదును మాత్రం ఇంటి పన్ను రసీదులు పెట్టే చోటే భద్రంగా పెట్టండి.